మా అవ్వ నిద్ర కీర్తనలు

మా అవ్వకి అక్షరం రాదు. అయినా ఇంట్లో అందరికన్నా పెద్ద బైబిలు ఆమెదే. నల్ల అట్ట, ఎర్ర అంచు, పెద్దక్షరాలది. కోడిపెట్టల్ని అమ్మిన డబ్బు కొంగున ముడేసుకుని ఒంగోలు పోయి కొనుక్కొచ్చిందట. చదవను రానిదానికి పెద్దక్షరాల బైబిలెందుకని మా నాయన ఎగతాళి చేస్తే, "చదివే పిలకాయలకి లాంతరు వెలుతురు చాలొద్దా?" అందట. ఆ పిలకాయల్లో ఆఖరివాణ్ణి నేను. మూడో తరగతిలో కూడబలుక్కుని చదవడం వచ్చిన దగ్గర్నుంచి కాలేజీకి ఊరు విడిచిపోయేదాకా రాత్రి అన్నాలయ్యాక ఆమెకి అందులోంచి ఒక కీర్తన చదవడం నా డ్యూటీ.

మా ఊరు కావలికీ ఉలవపాడుకీ మధ్య, సముద్రానికి కాస్త ఎడంగా ఉంటుంది. అప్పట్లో ప్రకాశం జిల్లా. 2022లో జిల్లాల్ని మార్చినప్పుడు కందుకూరుతోపాటు మమ్మల్ని కూడా నెల్లూరులో కలిపారు. మా నాయన ఆ తర్వాత కూడా అడ్రసు రాయాల్సి వస్తే ప్రకాశం అనే రాసేవాడు, ఉత్తరాలు ఎట్టాగో వస్తూనే ఉండేవి.

అవ్వకి కీర్తనలు నేర్పింది బైబిలు స్త్రీలు. ఆమె చిన్నతనంలో రామాయపట్నం వైపు నుంచి పల్లెలన్నీ కాలినడకన తిరిగేవాళ్లట. బాప్తిస్టుల వేదాంత పాఠశాల 1870లలోనే అక్కడ పెట్టారు కదా, ఆ గాలి మా పల్లెలన్నిటికీ సోకింది. ఆ అమ్మలు పొలం గట్టు మీద కూర్చుని ఒక్కో వాక్యం చెబితే, మళ్లో నాట్లేస్తున్న ఆడవాళ్లు దాన్ని తిరిగి అనాలి. నడుం వంచి నేర్చుకున్న చదువు గనుక నడుం నొప్పి ఉన్నన్నాళ్లూ మర్చిపోనని అవ్వ అనేది. 150 కీర్తనలూ ఆమెకి నోటికి వచ్చని గొప్పలు చెప్పను. ఓ ముప్పై నలభై వచ్చేవి. తక్కినవి నేను రెండు మాటలు చదవగానే గుర్తుపట్టి, తడబడిన చోట సరిచేసేది. "పరుండజేయుచున్నాడు" అనే మాటకి నా నాలుక ఎన్నిసార్లు మడతపడిందో, ఆమె అన్నిసార్లూ మళ్లీ మొదటికి తెచ్చేది.

నంబర్లతో ఆమెకి పనిలేదు. అన్నిటికీ తన పేర్లు తనకున్నాయి. ఇరవై మూడు గొర్రెల కీర్తన. తొంభై ఒకటి రెక్కల కీర్తన. మూడోది కొడుకు తరిమిన కీర్తన. పదమూడు మరుపు కీర్తన. "కొడుకు తరిమింది తియ్యరా అబ్బయ్యా" అంటే నేను పేజీలు తిప్పి పట్టుకోవాలి. వీటిని మళ్లీ గుంపులుగా కట్టేది: ఏడుపు కీర్తనలు, పొగడ్త కీర్తనలు, కోపం కీర్తనలు, నిద్ర కీర్తనలు. చాలా ఏళ్ల తర్వాత హెర్మన్ గుంకెల్ అనే జర్మన్ పండితుడు కీర్తనల్ని విలాపాలు, స్తుతులు అంటూ రకాలుగా విడదీశాడని చదివి నవ్వుకున్నాను. ఆయన పట్టికలో నిద్ర కీర్తనలు లేవు. అక్కడ మా అవ్వే మేలనిపించింది.

నిద్ర కీర్తనలు అంటే మూడు, నాలుగు, నూట ఇరవై ఒకటి, నూట ఇరవై ఏడు. పడుకోబోయే ముందు వీటిలో ఏదో ఒకటి పడాల్సిందే. ఎక్కువగా మూడోదే అడిగేది. కొడుకు అబ్షాలోము తన మీద తిరగబడితే దావీదు రాజు పారిపోయినప్పటి కీర్తన అని దాని పైనే రాసి ఉంటుంది. సమూయేలు రెండో గ్రంథంలో ఆ కథ ఉంది: రాజు తల కప్పుకుని, చెప్పుల్లేకుండా, ఏడ్చుకుంటూ ఒలీవల కొండెక్కి పోతాడు. అంతటి మనిషి ఈ కీర్తనలో, "యెహోవా నాకు ఆధారము, కావున నేను పండుకొని నిద్రపోయి మేలుకొందును" అంటాడు. అవ్వ ప్రతిసారీ ఇక్కడ నన్ను ఆపేది. "కన్న కొడుకే కత్తి పట్టుకుని ఎంటబడితే ఎట్టా పట్టిందిరా వాడికి నిద్ర?" అని నన్నే అడిగేది. నాకేం తెలుసు. తనే మళ్లీ, "ఏడ్చాడు, నడిచాడు, అలిసిపోయి పడుకున్నాడు. అదేం గొప్ప గాదు. పొద్దున లేస్తాననుకోని పడుకున్నాడు చూడూ, అదీ!" అనేది.

మా ఇంటి అరుగు మీదకి సాయంత్రాలు గొర్రెల తాత ఒకాయన వచ్చేవాడు. ఊళ్లో యాదవుల పెద్ద. మా అవ్వా ఆయనా ఒక ఈడువాళ్లు, పొగాకు దగ్గర స్నేహం. ఆయనకి మా చర్చితో ఏ సంబంధమూ లేదు, తలపాగా తీసి గుళ్లో దండం పెట్టుకునే మనిషి. ఆయన జీవాలన్నీ జొడిపి రకం. తెల్లటి ఒళ్లు, మూతికీ కళ్ల చుట్టూ నల్ల మచ్చలు, నిలబడితే మా నడుం దాకా వచ్చే ఎత్తు. నెల్లూరు జాతి గొర్రెల్లో అదొక రకం. కోతలయ్యాక రైతులు ఎరువు కోసం చేలల్లో మంద పెట్టించుకునేవారు గనుక రాత్రిళ్లు ఆయన ఎక్కువగా పొలాల్లోనే ఉండేవాడు. ఒకనాడు నేను నూట ఇరవై ఒకటి చదువుతున్నాను. "నిన్ను కాపాడువాడు కునుకడు. ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు." తాత పొగాకు నలపడం ఆపి, మళ్లీ చదవమన్నాడు. చదివాను.

"మందలో పడుకున్నోడు నిద్రపోడు అబ్బయ్యా," అన్నాడు. "కంబళి కప్పుకోని కన్ను మూస్తాడంతే. నక్క వచ్చిందంటే అన్నిటికన్నా ముందు గొర్రె మూలుగు మారిద్ది. అది చెవిలో పడాల. దొంగోడొస్తే మందంతా ఒక పక్కకి జరగద్ది. అదీ తెలియాల." కాసేపాగి అవ్వ వైపు తిరిగి, "మీ దేవుడికి మా పనే పడిందే పాపం!" అని గట్టిగా నవ్వాడు. అవ్వ కూడా నవ్వింది. ఆ కీర్తన మీద నేను తర్వాత విన్న ప్రసంగాలు చాలానే ఉన్నాయి, కొన్ని మంచివి కూడా. ఆ అరుగు మీది మాటకి దగ్గరగా వచ్చింది మాత్రం ఒక్కటీ లేదు. తాత చెప్పిందాంట్లోనే అంతా ఉంది కదా: గొర్రెలు నిద్రపోయేది వాటి ధైర్యాన్ని చూసుకుని కాదు, పక్కన ఒకడు మేలుకుని ఉండబట్టి.

అవ్వకి భయమంటే తెలియదనుకుంటే పొరపాటు. ఆమె పెరిగిందే భయాల కథల మధ్య. వాళ్ల అవ్వ ధాత కరువులో చిన్నపిల్లట. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధాని అంతా ఎండిపోయిన కరువది. కనిగిరి వైపు మెట్ట పల్లెల నుంచి జనం మూటాముల్లె నెత్తిన పెట్టుకుని తూర్పుకి నడిచారు. అప్పుడు సర్కారు బకింగ్‌హాం కాలవ తవ్విస్తోంది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలవలో మూడు మైళ్ల పైచిలుకు ముక్కని కాంట్రాక్టుకి తీసుకుని, పనికొచ్చిన వాళ్లకి కూలి ఇప్పించాడు. మా వాళ్లూ ఆ కాలవలో మట్టి మోసినవాళ్లే. కరువు పని సాగినన్నాళ్లూ క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని. పనులు ముగిసి, వానలు పడి, ఇక ఆయన దగ్గర పంచడానికి ఏమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు బోధకులే ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి వంతులేసుకున్నారట. మా అవ్వ వాళ్ల అవ్వని ఆ రోజు తండ్రి భుజాన ఎక్కించుకుని తీసుకుపోయాడని మా ఇంట్లో చెప్పుకుంటారు.

ఒంగోలు పోయినప్పుడల్లా అవ్వ నన్ను ప్రార్థన కొండ ఎక్కించేది. 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్ దొర, ఆయన భార్య, మన తెలుగువాళ్లు ముగ్గురు, కలిసి ఐదుగురే ఆ కొండ మీద మోకరించి ఒంగోలు కోసం ప్రార్థించారు. అప్పటికి మిషను నెల్లూరుకే పరిమితం. అమెరికాలో ఉన్న సంఘమైతే ఈ తెలుగు పని దండగ, ఎత్తేద్దామా అని అంతకుముందే చూసింది కూడా. కొండ మీద అవ్వ ఎక్కువసేపు ప్రార్థించేది కాదు. మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఊరు చూసేది. "కరువులో పోయినోళ్లంతా నమ్మకం చాలక పోయారా? కాదు గదా" అని ఒకసారి తనలో తను అనుకుంది. ఆమె వాళ్ల అవ్వ తోబుట్టువులు ఏడుగురిలో కాలవ దాకా చేరింది ఇద్దరే. ఇక అవ్వ కడుపున పుట్టినవాళ్లలోనూ ఇద్దరు వాంతులూ విరేచనాలతో ఒకే వానాకాలంలో పోయారు. ఆ సంగతి అమ్మ చెబితే తెలిసింది నాకు, అవ్వ ఎప్పుడూ ఎత్తేది కాదు.

1989 నవంబరు 8, బుధవారం. థాయిలాండు అవతలి సముద్రంలో పుట్టి, ఆ దేశపు సన్నటి నడుం దాటి, మన బంగాళాఖాతంలోకి దిగి బలిసిన తుఫాను. గే అని పేరు పెట్టారు. ఆ రాత్రి కావలి దగ్గర తీరం దాటింది. పొద్దుటి నుంచే రేడియో చెబుతోంది. మధ్యాహ్నానికి సముద్రం హోరు ఇంటి దాకా వినబడసాగింది. మామూలుగా అట్టా వినబడదు. పల్లెలో మిద్దె అన్నది మా చర్చి ఒక్కటే. సున్నం గోడలు, ఇనప దూలాలు. పల్లె మొత్తం అందులోకే చేరాం. పల్లెపాలెం నుంచి పట్టపోళ్లు కూడా వలలూ పిల్లలూ ఎత్తుకుని వచ్చేశారు. పొద్దుగూకాక గాలి తలుపుల్ని గుద్దడం మొదలెట్టింది. బల్లలన్నీ తలుపులకి అడ్డం పెట్టి మగవాళ్లు వీపులానించి కూర్చున్నారు.

అప్పుడొకాయన లేచి రెక్కల కీర్తన అందుకున్నాడు. "నీ ప్రక్కను వేయి మంది పడినను, నీ కుడిప్రక్కను పదివేల మంది కూలినను" అని గొంతెత్తి, అది మా అందరికీ ఇచ్చిన రశీదు అన్నట్టు మళ్లీ మళ్లీ చెబుతున్నాడు. అవ్వకి కోపం వచ్చింది. "ఆపు నాయనా. పక్కన పడే వెయ్యిమంది ఎవరు? మనూరోళ్లే గదా" అంది. ఆయన నోరు మూశాడు. నాకు ఈ మాట పెద్దయ్యాక గానీ ఎక్కలేదు. తొంభై ఒకటి గొప్ప కీర్తనే, కాదనను. "మహోన్నతుని చాటున నివసించువాడే సర్వశక్తుని నీడను విశ్రమించువాడు" అనే వాక్యం నాకూ ఇష్టమే. కానీ సువార్తల్లో ఆ కీర్తనని ఎత్తి చూపించి, యేసుతో దూకు, నీకేం కాదు అన్నది సాతాను. ఈ సంగతి బండ్ల మీదా ఆటోల మీదా ఆ కీర్తన నంబరు స్టిక్కర్లు అంటించుకునే వాళ్లకి ఎవరైనా చెబితే బాగుండు.

ఆయన ఆగాక అవ్వ నన్ను చదవమంది. లాంతరు ఆరిపోయి చాలాసేపైంది. చీకట్లో ఎట్టా చదవను? "సరే, నువ్వు విను" అని తనే చెప్పింది, నాలుగో కీర్తన చివరి వాక్యం. "యెహోవా, నెమ్మదితో నేను పండుకొని నిద్రపోవుదును. నేను ఒంటరిగా నుండినను నీవే నన్ను సురక్షితముగా నివసింపజేయుదువు." చెప్పి, చీర కొంగు తల కింద మడిచి పెట్టుకుని, నిజంగానే నిద్రపోయింది. గురక కూడా. బయట తాటిచెట్లు విరుగుతున్నాయి, లోపల గురక. భయంతో బిక్కచచ్చి ఉన్న పట్టపోళ్ల ఆడపిల్లలు మొదట కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ గోడకి చేరగిలబడ్డారు. నాకు నవ్వు రాలేదు. మా అవ్వ చచ్చిపోయిందేమో, గురక గాలిదేమో అని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నాను.

నడిరేయి దాటాక ఉన్నట్టుండి గాలి ఆగింది. పూర్తిగా. కొందరు గొడ్లని చూసొస్తామని లేస్తే, పల్లెపాలెం పెద్దాయన తలుపుకి అడ్డం నిలబడ్డాడు. "ఇది తుఫాను కన్ను. ఇంకా సగమే అయింది. ఈసారి దక్షిణం నుంచి కొడతాది, కూసోండి." అన్నట్టే కొట్టింది. ఇదివరకు ఉత్తరం గోడ తడిస్తే ఇప్పుడు దక్షిణం కిటికీ ఊడిపోయింది. ఆ పెద్దాయన ఆ రాత్రి మా చర్చిలో ఎంతమంది ప్రాణాలు నిలబెట్టాడో లెక్క లేదు. ఆయన క్రైస్తవుడు కాదు.

తెల్లారి చూస్తే మా పూరింటికి కప్పు లేదు. ఇంటి వెనక సరుగుడు తోట అంతా ఒరిగిపోయింది. పాలిచ్చే బర్రె గోడ కింద పడి చచ్చింది. కాలవ కిందున్న మళ్లల్లో ఉప్పునీళ్లు నిలిచాయి. అవ్వ బర్రె పక్కన కూర్చుని ఏడ్చింది, దానికి పేరు పెట్టి పిలుస్తూ. రాత్రి గురక పెట్టిన మనిషేనా ఈమె అనిపించింది నాకు.

ఇక్కడే ఆమె అసలు చదువు బయటపడింది. మరునాడు మా చర్చి పాస్టరు అయ్యగారు ప్రతి ఇంటికీ వచ్చి, ప్రాణాలు దక్కినందుకు స్తుతి కీర్తన చదువుదామన్నారు. అవ్వ చేతులు జోడించి, "అయ్యగారూ, ఇంకో వారం ఆగండి" అంది. ఆ రాత్రి నాతో చదివించింది మరుపు కీర్తన. ఎంతకాలం నన్ను మరచిపోతావు, ఎంతకాలం నీ ముఖం చాటేస్తావు అని దేవుణ్ణి నిలదీసే కీర్తన అది. చిన్నది, ఆరు వచనాలే. నాలుగు చదవగానే అవ్వ, "ఆడికి ఆపు" అంది. మిగిలిన రెండింటిలో దావీదు స్వరం మారిపోతుంది. "నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచి యున్నాను" అంటాడు, పాట పాడతానంటాడు. "ఆ రెండు ముక్కలు ఇప్పుడు కాదు. ఇప్పుడు చదివితే అబద్ధమైద్ది. తర్వాత చూద్దాం." మరుసటి రాత్రీ అంతే, ఆ పై రాత్రీ అంతే. నాలుగు వచనాల దగ్గర ఆపడం, లాంతరు తగ్గించడం, పడుకోవడం. అట్టా ఆపినా నిద్రకి మాత్రం లోటు రాలేదు ఆమెకి. దేవుడితో తగువు పెట్టుకుని, అదే దేవుడి మీద భారమేసి పడుకునేది.

సర్కారు వాళ్లిచ్చిన డబ్బుకి మా మేనమామ ఇంత కలిపితే తాటాకు వచ్చింది, కప్పు పడింది. ఆ రాత్రి కొత్త ఆకు వాసన కింద కూర్చుని నేను అలవాటుగా నాలుగు దగ్గర ఆగాను. "ఊఁ, కానియ్యి" అంది అవ్వ. ఐదు, ఆరు చదివాను. ఆమె ఏమీ అనలేదు. నాకు అర్థమైందల్లా, నమ్మకానికి తొందర లేదని. అయ్యగార్లకి ఉంటుంది, పాపం, వాళ్లకి ఆదివారం తరుముకొస్తుంటుంది.

మా నాయన ఈ కీర్తనల జోలికి వచ్చేవాడు కాదు. సరుగుడు నరికే కాంట్రాక్టర్ల దగ్గర మేస్త్రీ ఆయన. చర్చికి క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ వచ్చేవాడు, వెనక బల్ల మీద కూర్చుని కాలు ఊపేవాడు. తొంభైల్లో మా తీరమంతా రొయ్యల గుంటల పిచ్చి పట్టింది. ఉప్పు దేలిన మాగాణి ఎందుకూ పనికిరాదనుకున్న చోట టైగర్ రొయ్య బంగారం పండిస్తోందన్నారు. నాయన మరో ముగ్గురితో కలిసి, మాకున్న ఎకరంన్నర పట్టా భూమిలో గుంట తవ్వించాడు. వడ్డీకి తెచ్చిన డబ్బు. సీడు, మేత, డీజిలు అన్నీ అప్పే.

రొయ్య పెంచిన వాళ్లకి తెలుస్తుంది, అది నిద్ర లేని సేద్యం. రాత్రిపూట నీళ్లలో గాలి తగ్గితే తెల్లారేసరికి తేలిపోతాయి. రెండు గంటలకోసారి చెక్ ట్రే ఎత్తి మేత తిన్నాయో లేదో చూడాలి. పక్కగుంట వాడు దొంగతనంగా వల వేస్తాడేమోనని కాపలా ఒకటి. నాయన గట్టు మీద షెడ్డులోనే మకాం పెట్టాడు. ఇంటికొస్తే అన్నం ముందు కూర్చునే తూలేవాడు. ఒక రాత్రి అవ్వ నన్ను వెంటేసుకుని, బైబిలు చంకన పెట్టుకుని గుంట దగ్గరికి వచ్చింది. నాతో నూట ఇరవై ఏడు చదివించింది. "యెహోవా పట్టణమును కాపాడనియెడల దాని కావలికాయువారు మేలుకొని యుండుట వ్యర్థమే." ఇంకాస్త కిందికి, "తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు."

నాయన ఒంటి మీదకి పాము వచ్చినట్టు లేచాడు. "అమ్మా, నువ్వూ నీ కీర్తనలూ! నేను పడుకుంటే ఆయనొచ్చి ఏరేటర్ తిప్పతాడా? వడ్డీ ఆయన కడతాడా?"

అవ్వ మాటకి మాట అనలేదు. గట్టు మీద గోతం పరుచుకుని కూర్చుంది. "ఆయన తిప్పతాడో లేదో నాకు తెలవదు. నేను చూస్తుండా. మోటారు ఆగితే లేపుతా, పో." నాయన కాసేపు గునిసి, షెడ్డులో నులక మంచం మీద వాలాడు. వాలిన వాడు వాలినట్టే పడిపోయాడు. మేలుకోవడం వ్యర్థమని కీర్తన చదివించిన మనిషి తెల్లవార్లూ కూర్చుని గుంట కాసింది. ఈ తిరకాసు నేను అప్పుడే అడిగాను. "నా కొడుకు నిద్రపోవాలంటే ఎవురో ఒకరు మేలుకోవాల గదా. ఈ పూటకి ఆయన నన్ను పంపించాడనుకో" అంది. అట్టా వారానికి ఒకటి రెండు రాత్రులు సాగింది.

సాగినా రోగం ఆగలేదు. 1994లో మొదలై మరుసటేడుకల్లా తీరమంతా తెల్లమచ్చ తెగులు పాకింది. రొయ్యలు అడుగు వదిలి గట్ల అంచుకి వచ్చేసేవి. పట్టుకుని చూస్తే తల డిప్ప మీద తెల్లటి చుక్కలు. గుంట మీద కొంగలు దిగితే చాలు, ఆ గుంట పోయినట్టే. మా గుంట మీద ఒక ఉదయాన కొంగలు దిగాయి. వారం తిరక్కుండానే ఖాళీ. ఆ ఏడు మా చుట్టుపక్కల దివాలా తీయని ఇల్లు లేదు. కొందరు రాత్రికి రాత్రి మద్రాసు వెళ్లిపోయారు. ఒకరిద్దరు పురుగుమందు తాగారు, ఆ ఇళ్ల ముందు నుంచి నడవాలంటే ఇప్పటికీ నా అడుగు తడబడుతుంది.

నాయన తాగలేదు. తాగుతాడేమోనని అమ్మ పురుగుమందు డబ్బా కాలవలో పారబోసింది. ఆయన అరుగు మీద కూర్చుని అప్పులోళ్లకి సమాధానం చెబుతూ ఉండేవాడు, రాత్రిళ్లు కప్పు చూస్తూ పడుకునేవాడు. ఒకనాడు, నేను అవ్వకి చదివి బైబిలు మూస్తుంటే, చీకట్లోంచి అడిగాడు: "ఆ ఏడుపు కీర్తన ఎన్నోదిరా?" పదమూడు అన్నాను. "దానికన్నా పెద్ద ఏడుపు లేదా?" అన్నాడు. నాకు తెలియలేదు. అవ్వకి తెలుసు. "ఉండాదిరా. దాంట్లో చివరాఖరికి కూడా తెల్లారదు. అది నేను ఎవురికీ చదివించను. నీకు కావాలంటే నువ్వే ఎతుక్కో" అంది. పేజీ చెప్పడం ఆమెకి రాదు కదా. నాయన నాలుగో తరగతి చదువుతో, వేలు పెట్టుకుని, కొన్ని రాత్రులు వెతికాడు. ఎనభై ఎనిమిది. పద్దెనిమిది వచనాలు, ఎక్కడా ఊరట లేదు, చీకటి దగ్గర ముగుస్తుంది. దాన్నే తిప్పి తిప్పి చదివేవాడు. ఎకరంన్నరా అమ్మి, ఇంకా మిగిలిన బాకీ తీర్చడానికి సరుగుడు నరికే పనిలోకి ఈసారి కూలీగా వెళ్లాడు. ఏళ్లు పట్టింది.

అవ్వ పోయింది అవన్నీ తీరక ముందే. పెద్దగా జబ్బు పడలేదు, రాత్రి పడుకుని లేవలేదు. బైబిలు నాకు ఇమ్మందని అందరూ అనుకున్నారు గానీ అది నాయన దగ్గరే ఉంది.

నేను హైదరాబాదు వచ్చి, ఉద్యోగమంటూ లోనంటూ అందరిలానే తెల్లవారుజామున మూడింటికి కళ్లు తెరుచుకుని ఫ్యాను చూసే దశకి చేరాను. ఫోను చేస్తే నాయన తిన్నావా అని అడగడు. "నిద్ర పడతాందా?" అంటాడు. పట్టడం లేదని చెబితే ఉపదేశం ఏమీ చెయ్యడు. ఫోను పెట్టకుండా ఆ పక్క మూడో కీర్తనో, నాలుగో కీర్తనో మెల్లగా చదువుతాడు. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాడు, పేజీ మీద గోరు గీసుకుపోయే చప్పుడు ఫోనులో వినిపిస్తుంది. కొన్నిసార్లు పడుతుంది నిద్ర. కొన్నిసార్లు పట్టదు.

ఇప్పుడు ఆయన మా చర్చిలో పెద్ద. ముందు బల్ల. కొత్తగా వచ్చిన పాస్టరు గారు కుర్రవాడు, చురుకైనవాడు, కీబోర్డు కూడా వాయిస్తాడు. ఆదివారాలు సాక్ష్యాల సమయమని పెట్టాడు: రోగం తగ్గినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, వీసా దొరికినవాళ్లు లేచి చెబుతారు, అందరూ చప్పట్లు కొడతారు. పోయినేడు మా నాయన లేచాడు. అవ్వ బైబిలు తెరిచి ఎనభై ఎనిమిది మొత్తం చదివాడు, తొందర లేకుండా. జనం ఎక్కడో ఒక చోట మలుపు వస్తుందని చూశారు. రాలేదు. ఆయన బైబిలు మూసి, "ఇది చదువుకోబట్టి నేను ఉండా" అని కూర్చున్నాడు. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో ఎవరికీ తెలియలేదు. వెనక బల్ల మీదున్న ఒకావిడ మాత్రం, రొయ్యల ఏడాదిలో భర్తని పోగొట్టుకున్నామె, ఆరాధన అయ్యాక వచ్చి ఆ నంబరు చీటీ మీద రాయించుకుని పోయింది.

పాస్టరు గారు తర్వాత పక్కకి పిలిచి, "పెద్దాయనా, కాస్త ఊరటగా ఉండేది చదవొచ్చు గదా" అన్నాడట. ఆ మరుసటి వారం నుంచి సాక్ష్యానికి మూడు నిమిషాలే అని నియమం కూడా పెట్టాడు. మా నాయన ఆ సాయంత్రమే మనవడి ఫోనులో టైము పెట్టించుకుని ఎనభై ఎనిమిది బయటికి చదివి చూశాడు. రెండున్నర నిమిషాలే పట్టిందని నాకు ఫోను చేసి చెప్పాడు.